రాబందుకు దొరికిన రక్షణ రైతుకు లేదా?

మిరప కోతలు మొదలవుతున్నాయి. తెల్లవారుజామున దర్శి నుంచి ఏ ఊరి దారి పట్టినా కూలీల ఆటోలు ఎదురొస్తాయి. ముఠా మేస్త్రీ దగ్గర హాజరు పుస్తకంతో పాటు ఒక కవరు కూడా ఉంటుంది. అందులో నొప్పుల బిళ్ళలు ఉంటాయి. నడుం పట్టేసిందన్న వాళ్ళకు ఒకటి, మోకాళ్ళు లాగుతున్నాయన్న వాళ్ళకు ఒకటి, నిన్న వేసుకుంటే తగ్గలేదన్న వాళ్ళకు రెండు. ఆ కవరుకు డబ్బులిచ్చేది ఎవరు? చాలా పొలాల్లో మనమే. ఎరువు కట్టలు, పురుగుమందు డబ్బాలు తెచ్చుకున్నట్టే బిళ్ళల షీట్లు కూడా తెచ్చి పెట్టుకుంటున్నాం.

ఈ నాలుగు మాటలూ ఆ కవరు గురించే. మందుల షాపులను, ఊరి వైద్యులను, ప్రభుత్వాన్ని అడగాల్సినవి అడుగుతాం. కానీ మనల్ని మనం వదిలేసి ఎదుటివాళ్ళను నిలదీయడం న్యాయం కాదు. కాబట్టి ముందు మా తప్పు చెబుతాం.

మా పొలంలో జరిగింది

రెండేళ్ళ కిందట మార్చి నెలలో మా పొలంలో చివరి కోత జరుగుతోంది. లారీ మాట్లాడుకున్నాం, కాయ ఎండబెట్టి టిక్కీలు తొక్కించాలి, తొందర. ఒక కూలీ తల్లి మధ్యాహ్నానికి నడుం నిలవడం లేదంది. మేమే బిళ్ళ ఇచ్చాం. సాయంత్రం మళ్ళీ ఇంకోటి ఇచ్చాం. ఆమె పొద్దున ఏమీ తినకుండా వచ్చిందా అని అడగలేదు. ఇంటి దగ్గర ఇంకేమైనా మందులు వాడుతోందా అని అడగలేదు. సీసాలో నీళ్ళు ఎప్పుడో అయిపోయాయని కూడా చూడలేదు. మూడో రోజు ఆమె పనికి రాలేదు. తారులాగా నల్లటి విరేచనాలై కళ్ళు తిరిగి పడిపోతే ఆస్పత్రికి తీసుకుపోయారని తెలిసింది. కడుపులో పుండు పడి రక్తం కారిందన్నారు. రక్తం ఎక్కించారు, బతికింది.

చూడ్డానికి వెళ్ళినప్పుడు, ‘అన్ని బిళ్ళలు ఎందుకు వేసుకున్నావమ్మా’ అని అడిగాం. ఎంత తెలివితక్కువ ప్రశ్నో అడిగాక గానీ అర్థం కాలేదు. ‘వేసుకోకపోతే చెయ్యి ఆడదు. చెయ్యి ఆడకపోతే రేపు ముఠాలోకి పిలవరు కదన్నా’ అంది.

ఆ మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది. ఇప్పటికీ లేదు. ఆనాటి నుంచి మా కమిటీ సభ్యులం కలిసినప్పుడల్లా ఒక ప్రశ్న వేసుకుంటున్నాం. మన ఊళ్ళలో ఈ బిళ్ళ ఎందుకు ఇంతగా నడుస్తోంది? దాని వల్ల ఎవరికి లాభం, ఎవరికి నష్టం? సర్కారు డాక్టర్లను అడిగాం, మందుల షాపుల్లో పనిచేసే పిల్లలను అడిగాం, డయాలసిస్ చేయించుకుంటున్న మన రైతులను అడిగాం. తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నాం.

ఈ బిళ్ళ లోపల ఏం చేస్తుంది?

డైక్లోఫెనాక్, అసెక్లోఫెనాక్, నిమెసులైడ్, ఐబుప్రొఫెన్, పైరాక్సికామ్. పేర్లు వేరైనా ఇవన్నీ ఒకే కుటుంబం. షీటు మీద కంపెనీ పేరు ఏదున్నా కింద చిన్న అక్షరాల్లో ఈ పేర్లలో ఒకటి ఉంటుంది. ఒంట్లో నొప్పినీ వాపునూ పుట్టించే ఒక పదార్థం తయారు కాకుండా ఇవి అడ్డుకుంటాయి. అందుకే హాయిగా ఉంటుంది. చిక్కు ఎక్కడంటే, అదే పదార్థం కడుపు లోపలి పొరను ఆమ్లం నుంచి కాపాడుతుంది. కిడ్నీలోకి రక్తం పోయే సన్నటి నాళాన్ని తెరిచి ఉంచేదీ అదే. నొప్పిని ఆపుదామని బిళ్ళ వేస్తే ఆ రెండు కాపలాలూ కూడా ఆగిపోతాయి.

కిడ్నీ సంగతి సాగర్ కాలువ చివరి భూముల రైతుకు తేలిగ్గా అర్థమవుతుంది. కాలువ నిండుగా పారుతున్నప్పుడు తూము షట్టరు సగం దించినా చేలో నీళ్ళు పారతాయి. కాలువలో నీళ్ళు అడుగంటినప్పుడు షట్టరు పూర్తిగా ఎత్తి ఉంచితేనే నాలుగు చాళ్ళు తడుస్తాయి. అప్పుడు ఎవరైనా వచ్చి షట్టరు దించితే చేను ఎండిపోతుంది. ఎండలో చెమట కారి, నీళ్ళు తాగక, ఒంట్లో రక్తం చిక్కబడ్డ మనిషి కిడ్నీ అలా అడుగంటిన కాలువ మీద ఆధారపడ్డ చేను లాంటిది. తన తూము పూర్తిగా తెరుచుకుని ఎలాగో నెట్టుకొస్తుంటుంది. సరిగ్గా ఆ సమయంలో మనం వేసే బిళ్ళ షట్టరు దించేస్తుంది.

చల్లటి గదిలో కూర్చుని, కడుపునిండా తిని, రెండు రోజులు బిళ్ళ వేసుకున్న ఆరోగ్యవంతుడికి పెద్దగా ఏమీ కాకపోవచ్చు. మార్చి ఎండలో మిరప చేలో నడుం వంచిన మనిషికి అదే బిళ్ళ వేరే బిళ్ళ. ఆ మనిషికి బీపీ కూడా ఉండి ఎనాలాప్రిల్, లోసార్టాన్, టెల్మిసార్టాన్ లాంటి మాత్రలు వాడుతుంటే, దాంతో పాటు మూత్రం ఎక్కువ పోయే మాత్ర కూడా ఉంటే, మూడూ కలిసి కిడ్నీని ఒక్కసారిగా దెబ్బతీయగలవు. అలాగని బీపీ మాత్ర మానొద్దు. మానాల్సింది నొప్పి బిళ్ళను. ఈ కుటుంబం మందులు బీపీని పెంచుతాయి కూడా. గుండెపోటు వచ్చిన వాళ్ళకు, గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకు డైక్లోఫెనాక్ లాంటివి మరీ ప్రమాదం. గర్భిణులు, అందులోనూ ఐదో నెల దాటినవాళ్ళు, డాక్టరు చెప్పకుండా వీటిని ముట్టకూడదు.

‘మేం గ్యాస్ బిళ్ళతో కలిపి వేసుకుంటున్నాం, మాకేం కాదు’ అనేవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉన్నారు. గ్యాస్ బిళ్ళ కడుపును కొంత కాపాడుతుంది. కిడ్నీని కాపాడదు.

ఎక్కువ డోసు ఎలా పడుతోంది?

ఎక్కువ డోసు అంటే గుప్పెడు బిళ్ళలు ఒకేసారి మింగడమే అనుకుంటాం. మన ఊళ్ళలో జరిగేది అది కాదు. ఒకరోజు లెక్క చూడండి. పొద్దున పనికి పోయేముందు ఇంట్లో ఉన్న అసెక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసిన బిళ్ళ ఒకటి. మధ్యాహ్నం మేస్త్రీ ఇచ్చిన నిమెసులైడ్, పారాసిటమాల్ బిళ్ళ ఒకటి. సాయంత్రం ఒళ్ళు కాలుతోందని డోలో 650. రాత్రికి ఆర్ఎంపీ దగ్గర నొప్పుల సూది, అంటే చాలాసార్లు 75 మిల్లీగ్రాముల డైక్లోఫెనాక్. ఆ మనిషి తాను నాలుగు రకాల మందులు వాడానని అనుకుంటాడు. నిజానికి ఒకే కుటుంబం మందు మూడుసార్లు, పారాసిటమాల్ మూడుసార్లు పడింది. రెండు నొప్పి మందులు కలిపితే నొప్పి రెండింతలు తగ్గదు. ప్రమాదం మాత్రం పెరుగుతుంది.

పెద్దవాళ్ళకు రోజు మొత్తానికి డైక్లోఫెనాక్ 150 మిల్లీగ్రాములు, అసెక్లోఫెనాక్ 200, నిమెసులైడ్ 200 దాటకూడదు. అదీ ఏదో ఒకటే, తక్కువ రోజులకే, డాక్టరు చెబితేనే. నిమెసులైడ్‌ను 12 ఏళ్ళలోపు పిల్లలకు వాడకూడదని మన ప్రభుత్వం 2011లోనే నిషేధించింది. ఇంట్లో మిగిలిన బిళ్ళను సగానికి విరిచి జ్వరం వచ్చిన పిల్లవాడికి వేసే అలవాటు ఇంకా పోలేదు.

పారాసిటమాల్ ఈ కుటుంబంలోది కాదు. కిడ్నీకీ కడుపుకీ దానితో ప్రమాదం తక్కువ. కానీ అది మితం దాటితే కాలేయాన్ని చంపుతుంది. పెద్దవాళ్ళకు 24 గంటల్లో 4 గ్రాములు హద్దు. అంటే 650 బిళ్ళలు ఆరు. బక్కచిక్కిన వాళ్ళకు, రోజూ మందు తాగేవాళ్ళకు, కామెర్లు వచ్చినవాళ్ళకు హద్దు ఇంకా తక్కువ. దీనిలో మోసం ఏమిటంటే, ఎక్కువ పడ్డ మొదటి రోజు మనిషి మామూలుగానే కనిపిస్తాడు. రెండు మూడు రోజులకు కళ్ళు పచ్చబడేసరికి ఆలస్యమవుతుంది. దీనికి విరుగుడు మందు ఉంది. మొదటి 8 గంటల్లో ఇస్తే బాగా పనిచేస్తుంది. కాబట్టి ఏ కారణం చేతనైనా ఎవరైనా ఎక్కువ బిళ్ళలు మింగారని తెలిస్తే, బాగానే ఉన్నాడులే అని ఇంట్లో కూర్చోబెట్టొద్దు. 108కి ఫోను చేసి, ఖాళీ షీటు చేతిలో పట్టుకుని ఆస్పత్రికి పోవాలి.

ఇంకొకటి. ఊరి వైద్యుడి దగ్గర కాగితంలో చుట్టి ఇచ్చే ‘సెట్టు’లో పేరులేని చిన్న బిళ్ళ ఒకటి ఉంటుంది. అది చాలాసార్లు డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్. దానితో ముసలివాళ్ళు కూడా లేచి పరుగెత్తుతారు. అది చెయ్యి గొప్పతనం అనుకుంటాం. నెలల తరబడి వాడితే మొహం ఉబ్బుతుంది, షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. నొప్పి బిళ్ళతో కలిస్తే కడుపులో రక్తం కారే ప్రమాదం బాగా పెరుగుతుంది. పేరు చెప్పని మందును మింగనని అనడం మన హక్కు.

మన నేలలో ఉన్న అసలు కీలకం

ఇక్కడ చాలామంది అడ్డుతగులుతారు. ‘కిడ్నీ జబ్బులు నీళ్ళ వల్ల వస్తున్నాయి, బిళ్ళల మీద పడతారేంటి’ అంటారు. నీళ్ళ మాట నిజం. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను డాక్టర్లు మొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. మన దర్శి, పొదిలి, కనిగిరి ఆరోజుల్లో నెల్లూరు జిల్లావే. 1970లో మన జిల్లా ఏర్పడ్డాక ఇటు వచ్చాయి. అంటే మన నీళ్ళలో విషం ఉందని తెలిసి దాదాపు తొంభై ఏళ్ళవుతోంది. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, గత్యంతరం లేకపోతే 1.5 దాకా అని దేశ ప్రమాణం చెబుతోంది. అది మించిన బోరు నీళ్ళు తాగి నడుం వంగిన, మెడ తిరగని, మోకాళ్ళు మడవలేని మనుషులు పశ్చిమ ప్రకాశంలో ఎంతమందో ఎవరూ చెప్పక్కర్లేదు, మన ఇళ్ళల్లోనే ఉన్నారు.

ఇప్పుడు ఈ రెండూ కలపండి. ఫ్లోరైడ్ నీళ్ళతో ఎముకల నొప్పి. ఆ నొప్పికి రోజూ బిళ్ళ. బిళ్ళతో కిడ్నీ బలహీనం. ఒంట్లోకి వచ్చిన ఫ్లోరైడ్‌ను బయటికి పంపేది కిడ్నీయే. అది బలహీనపడితే ఫ్లోరైడ్ మరింత ఎముకల్లో పేరుకుంటుంది. నొప్పి పెరుగుతుంది. మళ్ళీ బిళ్ళ. గానుగెద్దు తిరిగినట్టు మన మనుషులు ఈ చుట్టులోనే తిరుగుతున్నారు. కాబట్టి నీళ్ళా, బిళ్ళా అనే వాదన మనకు పనికిరాదు. నీళ్ళు ఇవ్వనివాడే మన చేత బిళ్ళ మింగిస్తున్నాడు.

శ్రీకాకుళం ఉద్దానం సంగతి అందరికీ తెలుసు. కవిటి, సోంపేట, కంచిలి, పలాస చుట్టుపక్కల కొబ్బరి, జీడి తోటల మధ్య ఏళ్ళ తరబడి రైతులు, కూలీలు కిడ్నీ జబ్బుతో పోతూనే ఉన్నారు. ఎందరో శాస్త్రవేత్తలు వచ్చారు. ఫలానాదే కారణమని ఒక్కటి తేల్చలేదు. నీళ్ళు, ఎండలో పని, ఒంట్లో నీరు ఆరిపోవడం, పురుగుమందులు, నొప్పి బిళ్ళలు అన్నీ అనుమానితుల జాబితాలో ఉన్నాయి. ఎన్నో పోరాటాల తర్వాత 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి, తాగునీటి పథకం ప్రారంభమయ్యాయి. వచ్చాయంటే అడిగారు కాబట్టి వచ్చాయి. మనం కూడా కారణం పూర్తిగా తేలేదాకా చేతులు కట్టుకుని కూర్చోలేం. కారణాల్లో మన చేతుల్లో ఉన్నది ఏదో దాన్ని ఇవాళే ఆపాలి, ప్రభుత్వం చేతుల్లో ఉన్నది ఏదో దాని కోసం రోడ్డెక్కాలి.

దూరదేశం సంగతి ఒకటి. నికరాగ్వా, ఎల్ సాల్వడార్ దేశాల్లో చెరకు కొట్టే కూలీలకు కూడా ఇలాగే వయసులో ఉండగానే కిడ్నీలు పోయాయి. వాళ్ళూ నొప్పి బిళ్ళలు మింగుతూ మండుటెండలో గుత్త పని చేసేవాళ్ళే. అక్కడ కొన్ని తోటల్లో గంట గంటకూ నీళ్ళు, నీడ, విశ్రాంతి ఏర్పాటు చేస్తే కూలీల కిడ్నీలకు తగిలే దెబ్బ తగ్గింది. దానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. ఒక పందిరి, ఒక నీళ్ళ క్యాను, పనిలో కాసేపు విరామం.

రాబందు కథ

ఇప్పుడు పేరులో పెట్టిన మాటకు వద్దాం. మన చిన్నతనంలో గొడ్డు చచ్చి ఊరి బయట వేస్తే గంటలో రాబందులు దిగేవి. 1990ల నుంచి అవి మాయమయ్యాయి. మూడు జాతుల్లో నూటికి తొంభై అయిదుకు పైగా చచ్చిపోయాయి. ఎందుకో తెలియక తలలు పట్టుకున్నారు. కారణం డైక్లోఫెనాక్ అని 2004లో తేలింది. కుంటుతున్న ఎద్దుకూ, పొదుగు వాచిన గేదెకూ మనం వేయించిన నొప్పుల సూది, ఆ గొడ్డు చచ్చాక దాని మాంసంలో ఉండిపోయింది. అది తిన్న రాబందుల కిడ్నీలు పాడయ్యాయి. 2006లో పశువులకు డైక్లోఫెనాక్‌ను ప్రభుత్వం నిషేధించింది. మనుషుల కోసమని పెద్ద సీసాల్లో అమ్మి పశువులకు వాడుతున్నారని తెలిసి 2015లో సూది మందు 3 మిల్లీలీటర్లకు మించిన సీసాలో అమ్మకూడదని ఆంక్ష పెట్టింది. 2023లో కీటోప్రొఫెన్‌ను, అసెక్లోఫెనాక్‌ను కూడా పశువులకు నిషేధించింది. మెలాక్సికామ్ లాంటివి వాడమని చెప్పింది.

మంచి పనే చేసింది. రాబందు బతకాలి. మనిషి కిడ్నీ రాబందు కిడ్నీ అంత సుకుమారం కాదనీ, ఒక్క మోతాదుకే మనిషి పడిపోడనీ మాకు తెలుసు. అయినా అడుగుతున్నాం. పక్షి కోసం సీసా సైజు దాకా చూసిన ప్రభుత్వం, అదే మందును చీటీ లేకుండా కిళ్ళీ కొట్టులో, చిల్లర కొట్టులో మనుషులకు అమ్ముతుంటే ఎందుకు చూడదు? డైక్లోఫెనాక్, అసెక్లోఫెనాక్, నిమెసులైడ్ డాక్టరు చీటీ మీదే అమ్మాలని చట్టం ఉంది. ఆ హెచ్చరిక షీటు మీదే ముద్రించి ఉంటుంది. 2024 ఆగస్టులో కేంద్రం 156 రకాల కలగలుపు మందులను నిషేధించింది. అసెక్లోఫెనాక్ 50, పారాసిటమాల్ 125 కలిసిన బిళ్ళ వాటిలో ఉంది. ఢిల్లీలో నిషేధం రాస్తారు. మన ఊరి కొట్టులో సరుకు చూడ్డానికి ఎవరొచ్చారు?

మూడు వాదాలకు మా జవాబు

మొదటిది అధికారుల మాట. ‘జనానికి అవగాహన లేదు, సదస్సులు పెడతాం’ అంటారు. పెట్టండి, వస్తాం. కానీ ఆ కూలీ తల్లికి లేనిది అవగాహన ఒక్కటే కాదు. ఒక రోజు కూలి వదులుకునే స్తోమత లేదు. సదస్సు నొప్పిని తగ్గించదు.

రెండోది ఊరి వైద్యుల మాట. ‘అర్ధరాత్రి మేం తప్ప దిక్కెవరు’ అంటారు. అందులో నిజం ఉంది. పాము కరిచినా పురుడొచ్చినా మొదట తలుపు తీసేది వాళ్ళే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు ఎప్పుడుంటాడో తెలియదు, బస్సు లేదు, పోతే రోజు కూలి పోతుంది. ఆ ఖాళీలోనే ఈ సూదులు నడుస్తున్నాయి. వాళ్ళతో మాకు వైరం లేదు. మీరు ఏ మందు ఇస్తున్నారో పేరు చెప్పండి, స్టెరాయిడ్ కలపొద్దు, బీపీ ఉందా, కిడ్నీ జబ్బుందా అని అడగండి. ఇంతే మేం అడిగేది.

మూడోది మన మాట. ‘ధర లేదు, కూలి రేట్లు పెరిగాయి, కోత ఆగితే కాయ పండిపోయి తాలు అవుతుంది, ఏం చేయమంటారు’ అంటాం. ఇదే అన్నిటికన్నా గట్టి వాదన. మిరపకు మద్దతు ధర లేదు. 2025లో గుంటూరు యార్డులో ధర కూలినప్పుడు ఎంతో గోల చేస్తే కేంద్రం క్వింటాకు 11,781 రూపాయలని ప్రకటించింది. ఆ ధరకు సాగు ఖర్చు కూడా తిరిగి రాదని రైతులు మొత్తుకున్నారు. ధర పడిపోయినప్పుడు రైతు ఏం చేస్తాడు? కూలీని తగ్గించి తానే ఇరవై లీటర్ల ట్యాంకు వీపున వేసుకుంటాడు. ఇంటి ఆడవాళ్ళు రెండింతలు వంగుతారు. ఉన్న కూలీల చేత తొందరగా చేయిస్తాడు. ఆ లోటునంతా నడుములూ మోకాళ్ళూ పూడుస్తాయి. వాటిని బిళ్ళ నడిపిస్తుంది.

పెట్టుబడి లెక్కలో విత్తనం రాస్తారు, ఎరువు రాస్తారు, పురుగుమందు, కౌలు, ఇంటిల్లిపాది కష్టం కూడా రాస్తారు. నొప్పి బిళ్ళల ఖర్చు ఎవరు రాశారు? ఆ తర్వాత వచ్చే డయాలసిస్ ఖర్చు ఏ పంట ఖాతాలో వేస్తారు? మా సంఘ సభ్యుడు ఒకరు నాలుగెకరాల రైతు. మిరప, పొగాకు వేసేవాడు. నడుం నొప్పికి ఏళ్ళ తరబడి బిళ్ళలు వాడాడు. బీపీ ఉందని తెలిసేసరికే కిడ్నీలు బాగా దెబ్బతిన్నాయి. బిళ్ళల వల్లేనా అంటే డాక్టరు ‘అదీ ఒక కారణమే’ అన్నాడు. ఇప్పుడు వారానికి రెండుసార్లు డయాలసిస్. ప్రభుత్వం నెలకు 10,000 రూపాయలు పింఛను ఇస్తోంది, దానికి దండం. అందులో దారిఖర్చులూ, మందులూ పోను ఏం మిగులుతుందో ఆయన భార్యను అడగండి. రెండెకరాలు అమ్మేశారు. కిడ్నీ పోయాక ఇచ్చే పింఛను కన్నా, కిడ్నీ ఉండగా చేసే పరీక్ష ఎంతో చవక. నూటికి సగం పైగా పని చెడేదాకా కిడ్నీ పైకి చెప్పదు. రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ చూస్తేనే బయటపడుతుంది.

ఈ కోతల నుంచే మనం చేసేవి

మా కమిటీ సభ్యులం తీసుకున్న నిర్ణయాలు ఇవి. మీ ఊరి కమిటీల్లో చర్చించి మీరూ అమలు చేయమని కోరుతున్నాం.

1. మన పొలంలో మన చేతులతో ఎవరికీ నొప్పి బిళ్ళ ఇవ్వం. మేస్త్రీ కవరుకు డబ్బులివ్వం. ఆ డబ్బుతో మంచి నీళ్ళ క్యాన్లు తెప్పిస్తాం.

2. చేను గట్టున పందిరి వేస్తాం. ఎండ ముదిరే లోపు పని మొదలుపెట్టి, మిట్టమధ్యాహ్నం విరామం ఇస్తాం. మజ్జిగ, ఉప్పు వేసిన గంజి, ఓఆర్ఎస్ ఏది వీలైతే అది పెడతాం. విరామానికి కూలి కోయం.

3. నడుం పట్టిన మనిషికి ఆ రోజు కూర్చుని చేసే పని, కల్లంలో తాలు ఏరే పని ఇస్తాం. మర్నాడు పిలవకుండా ఉండం.

4. బీపీ, షుగరు, గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళం, అరవై దాటినవాళ్ళం డాక్టరు చెప్పకుండా ఈ బిళ్ళలు ముట్టం. తప్పనిసరైతే ఖాళీ కడుపుతో వేసుకోం, రెండు రకాలు కలపం, రెండు మూడు రోజులు దాటనివ్వం. వేడి నీళ్ళ కాపడం, పైపూత మందు, విశ్రాంతి ముందు చూస్తాం.

5. నల్లటి విరేచనం, రక్తపు వాంతి, మూత్రం తగ్గడం, కాళ్ళూ మొహం ఉబ్బడం, ఆయాసం. వీటిలో ఏది కనిపించినా బిళ్ళ ఆపి అదే రోజు ఆస్పత్రికి పోతాం. వాడిన అన్ని షీట్లూ వెంట తీసుకుపోతాం.

ప్రభుత్వం ముందు పెడుతున్న డిమాండ్లు

1. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతంలో ప్రతి ఆవాసానికీ నదీ జలాలు తాగునీరుగా ఇవ్వాలి. ఫ్లోరైడ్ పరీక్ష ఫలితాలు ఊరి సచివాలయంలో బోర్డు మీద రాయాలి.

2. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నలభై దాటిన రైతులకూ కూలీలకూ ఏడాదికి ఒకసారి బీపీ, షుగరు, క్రియాటినిన్, మూత్ర పరీక్ష ఉచితంగా చేయాలి. చీటీ చేతికివ్వాలి.

3. కోతల నెలల్లో సాయంత్రం పూట కూడా డాక్టరు ఉండాలి. వారానికి ఒకరోజైనా ఫిజియోథెరపీ నిపుణుడు రావాలి.

4. చీటీ లేకుండా నొప్పి బిళ్ళలు, సూదులు అమ్మే చోట్ల ఔషధ తనిఖీ అధికారులు తనిఖీ చేయాలి. బిళ్ళల షీట్ల మీద మందు పేరు, కిడ్నీ హెచ్చరిక తెలుగులో పెద్ద అక్షరాలతో ఉండాలి.

5. మిరపకు చట్టబద్ధమైన మద్దతు ధర ఇవ్వాలి. ఖర్చు లెక్కలో రైతు, కూలీ ఆరోగ్యం ఖర్చు కలపాలి.

చివరిగా మన సభ్యులకు ఒక మాట. నొప్పిని ఓర్చుకోమని మేం చెప్పడం లేదు. ఓర్చుకుని ఓర్చుకునే ఇక్కడిదాకా వచ్చాం. నడుం నొప్పి పుడుతున్నది చేలో, బోరు నీళ్ళలో, యార్డులో పడే ధరలో. దాన్ని మందుల షాపులో వెతికితే దొరకదు. వచ్చే నెల మండల సమావేశానికి వచ్చేటప్పుడు ప్రతి ఊరి కమిటీ మూడు లెక్కలు రాసుకుని రావాలి. ఊళ్ళో డయాలసిస్ మీద ఉన్నవాళ్ళు ఎందరు, రోజూ నొప్పి బిళ్ళ వాడేవాళ్ళు ఎందరు, తాగే నీళ్ళు ఎక్కడివి. పేర్లు అక్కర్లేదు, సంఖ్య చాలు. ఆ కాగితాలన్నీ కలిపి కలెక్టరు గారి ముందు పెడదాం. ఆ కూలీ తల్లి మళ్ళీ ముఠాలోకి వస్తోంది. ఈసారి మా పొలంలో ఆమెకు నీళ్ళూ నీడా ఉంటాయి. మీ పొలంలోనూ ఉండాలని కోరుతున్నాం.